ప్లెయిన్ టెక్స్ట్ మెయిల్: 2024 నుంచి వాడి చెప్తున్నా

మారతహళ్లి దగ్గర మా అపార్ట్‌మెంట్‌లో సగం మంది మనవాళ్లే, అసోసియేషన్ గొడవలన్నీ గ్రూప్ మెయిల్లోనే, అదీ తెలుగులోనే. నేనూ అందర్లాగే బోల్డులు, రంగులు పెట్టి రాసేవాణ్ణి, 2024 ఎండాకాలం దాకా.

బెంగళూరులో బోర్లెండిపోయి ట్యాంకర్ల మీద బతికిన రోజులవి. ట్యాంకర్ డబ్బులు ఫ్లాట్‌కింత అని వెయ్యాలా, ఇంట్లో మనుషుల లెక్కన వెయ్యాలా అని చర్చ. మూడో ఫ్లోర్ అంకుల్ నా మెయిల్ మధ్యమధ్యలో దూర్చి రాసి, పైన "నా జవాబులు ఎర్ర రంగులో ఉన్నాయి చూడు బాబూ" అని పెట్టారు. దాన్ని ఎవరో ఫోన్లోంచి ఫార్వర్డ్ చేసేసరికి రంగులన్నీ పోయి అంతా నల్లగా వచ్చింది, "మనుషుల లెక్కనే న్యాయం" అని ఆయన రాసిన లైను నా పేరు కింద నేనన్నట్టే ఉంది. ఎదురు ఫ్లాట్ వదినా వాళ్లింట్లో ఆరుగురు. నాలుగు రోజులు ఆవిడ నన్ను పలకరించలేదు. చాలా బాధేసింది, నేను రాసింది దానికి సరిగ్గా ఉల్టా మరి.

ఎందుకిలా అయ్యిందా అని చూస్తే, ఫార్మాటెడ్ మెయిల్ మామూలుగా రెండు కాపీలుగా పోతుందట, ఒకటి హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీలు రాసే పద్ధతి), ఒకటి ఉత్త అక్షరాలు, అవతలి యాప్ ఏది తీసుకుంటే అదే కనిపిస్తుంది, రంగులు మొదటిదాంట్లోనే ఉంటాయి.

ఆ రోజే ప్లెయిన్ టెక్స్ట్‌కి, అంటే రంగులూ బోల్డులూ లేని ఉత్త అక్షరాల మెయిల్‌కి మార్చేశా. జీమెయిల్ అయితే కంప్యూటర్లో మెయిల్ రాసే చోట కింద మూడు చుక్కలు నొక్కితే ప్లెయిన్ టెక్స్ట్ మోడ్ ఉంటుంది. ఇందులో ఎదుటివాళ్ల మాట ప్రతి లైను ముందూ > అని పడుతుంది, దానిమీద ఇంకొకరు జవాబిస్తే >> అవుతుంది. ఏ మాట ఎవరిదో ఆ గుర్తుల్లోనే ఉండిపోతుంది, ఫాంటు మారినా చెరగదు. అక్కర్లేని పాత భాగం కోసేసి, ఏ మాటకి జవాబో ఆ మాట కిందే రాస్తే చదివేవాళ్లకి ఎంత హాయో. లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయలాంటి ప్రోగ్రాం) రాసేవాళ్ల మెయిల్ చర్చల్లో హెచ్‌టీఎంఎల్ మెయిల్ పంపితే అసలు తీసుకోరు, వాళ్ల పట్టుదల నాకిప్పుడు అర్థమైంది.

ఇబ్బందులు లేవనను. లైను 78 అక్షరాలు దాటకపోతే మంచిదని మెయిల్ ఎలా ఉండాలో చెప్పే 2001 నాటి ప్రమాణ పత్రం ఆర్‌ఎఫ్‌సీ 2822 సలహా, దాని ప్రకారం విరగ్గొట్టిన లైన్లు ఫోన్లో ఒకటి నిండుగా, ఒకటి రెండు మాటలతో వికారంగా ఉంటాయి. అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు) కొట్టిన పాత నోటీసు పేస్ట్ చేస్తే పిచ్చి ఇంగ్లీష్ అక్షరాలొస్తాయి, యూనికోడ్‌లోకి, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ చదివే అక్షరాల్లోకి మార్చుకోవాల్సిందే. ఇక ట్యాంకర్ లెక్కల పట్టికైతే స్పేసులు కొట్టి ఎంత సర్దినా వరస నిలవదు, మన "ర" వెడల్పూ "క్ష్మీ" వెడల్పూ ఒకటి కాదుగా, అందుకే లెక్కలు మాత్రం షీట్ అటాచ్ చేస్తున్నా.

అంకుల్ రంగు మానలేదు గానీ, ఇప్పుడు ప్రతి జవాబు ముందూ తన ఫ్లాట్ నంబరు వేస్తున్నారు. నాకదే చాలు.