యాభై వేల సామానులో నిజంగా పనికొచ్చినవి: రెండేళ్లు, ఆరు పాటల తర్వాత

నెల్లూరులో ఇంజనీరింగ్ చదువుతున్న ఐదుగురం పాటల వీడియోలు తీయడానికి తలా పదివేలు వేసుకుని ఈ సామాను కొన్నాం. 18-55 లెన్సుతో కలిపి సెకండ్ హ్యాండ్ మిర్రర్‌లెస్ కెమెరా 29,000, 50 ఎంఎం లెన్సు 6,000, గింబల్ (కెమెరా వణక్కుండా పట్టుకునే మోటార్ల పిడి) 11,000, బ్లూటూత్ స్పీకర్ 2,200. మిగిలిన 1,800 బిర్యానీలకి ఉంచుకున్నాం. మొదటి పాట అయ్యాక ఆ డబ్బులతోనే వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్ (లెన్సు ముందు బిగించి తిప్పితే వెలుగు తగ్గించే నల్లద్దం) కొన్నాం. ముందే కొనాల్సింది.

ఆ మొదటి పాట మైపాడు బీచ్‌లో తీశాం. మనది తూర్పు తీరం, సూర్యుడు సముద్రంలోంచే లేస్తాడు. ఆరింటికి మెత్తగా ఉన్న వెలుగు ఎనిమిదయ్యేసరికి మొహానికి సున్నం కొట్టినట్టు అయిపోతుంది. సెకనుకి 25 ఫ్రేములు తీసేటప్పుడు షట్టర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుగు పడనిచ్చే సమయం, సెకనులో 1/50 వంతు దగ్గర ఉంటేనే కదలిక కంటికి సహజంగా ఉంటుంది. వెనకంతా మసకగా రావాలని 50 లెన్సు రంధ్రాన్ని 2.8కి వెడల్పుగా తెరిచాం. ఆ ఎండలో ఐఎస్‌ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలన్న అంకె) 100 పెట్టినా వెలుగు ఆరు స్టాపులు ఎక్కువ, ఒక్కో స్టాపుకి వెలుగు రెట్టింపు కాబట్టి 64 రెట్లు. వేరే దారి లేక షట్టర్ 1/3200కి తీసుకెళ్లాం. ఇంటికొచ్చి చూస్తే డ్యాన్సంతా తోలుబొమ్మలాటలా ముక్కలు ముక్కలుగా ఉంది, అలలు కూడా గులకరాళ్లు విసిరినట్టున్నాయి. ఫిల్టర్ వచ్చాక ఆ బాధ తీరింది. దాన్ని చివరిదాకా తిప్పితే మాత్రం ఫ్రేము మీద నల్లగా ఇంటూ గుర్తు పడుతుంది, 18-55 లెన్సుని వెడల్పుగా చూసే 18 దగ్గర పెడితే మరీను.

ఇక స్పీకర్. స్లో మోషన్‌లోనూ పెదాలు పాటకి కలవాలంటే సెకనుకి 50 ఫ్రేముల్లో తీస్తూ (తర్వాత 25కి నెమ్మది చేస్తాం) పాటని రెట్టింపు వేగంతో వినిపించాలి. మావాడు ఆ వేగానికి పెదాలు కదుపుతుంటే, పక్కన వల బాగుచేసుకుంటున్న పెద్దాయన తలెత్తి, "ఏంది నాయనా, ఆ పాటకేమన్నా దెయ్యం పట్టిందా?" అన్నాడు. ఆ టేకు నవ్వుల్లో పోయింది.

అసలు తలనొప్పి దూరపు షాట్లతో వచ్చింది. స్పీకర్ పాడేవాడి కాళ్ల దగ్గర, కెమెరా 35 మీటర్ల అవతల. శబ్దం అంత దూరం రావడానికి సెకనులో పదో వంతు పడుతుంది, అంటే రెండున్నర ఫ్రేములు. కెమెరా రికార్డు చేసిన శబ్దానికి పాటని కలిపితే పెదాలు ముందు కదులుతాయి, మాట వెనక వస్తుంది. ఇది తెలియక ఒక రాత్రంతా ల్యాప్‌టాప్‌ని తిట్టుకున్నాం. ఇప్పుడు ప, బ, మ ఉన్న మాట వెతికి, పెదాలు మూసుకున్న ఫ్రేము దగ్గర కలుపుతున్నాం.

గింబల్ ఆరు పాటల్లో రెంటికే వాడాం. లెన్సు మార్చినప్పుడల్లా మళ్లీ బ్యాలెన్స్ చేయాలి, దానికో పావుగంట. ఆలోపు వెలుగు వెళ్లిపోతుంది. పైగా బీచ్‌లో దాన్ని ఒక్కసారి కింద పెట్టినందుకు ఒక మోటారులో ఇసుక చేరి, ఇప్పటికీ కరకరమంటుంది. మా మొత్తం పాటల్లో మంచి కదిలే షాట్ ఏదంటే, నెమ్మదిగా పోతున్న ఆటో వెనక సీట్లో కూర్చుని చేత్తో పట్టుకుని తీసిందే. 50 ఫ్రేముల్లో తీసి నెమ్మది చేస్తే చిన్న వణుకు కనపడదు.

కెమెరా గురించి పెద్ద ఫిర్యాదు లేదు. హాస్టల్ వరండాలో షట్టర్ 1/60 పెట్టి ట్యూబ్‌లైట్ల చారలు తెచ్చుకున్నది మా తెలివితక్కువే, మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, దానికి కలిసేది 1/50. పాతవాళ్లు ఇచ్చిన రెండు బ్యాటరీల్లో ఒకటి 25 నిమిషాలకే చేతులెత్తేస్తుంది. సముద్రపు గాలి తగిలిన రోజు రాత్రి బాడీని తడి పిండిన గుడ్డతో, తర్వాత పొడిగుడ్డతో తుడుస్తాం. బీచ్‌లో లెన్సు మార్చం, కారులోకి వెళ్లే మారుస్తాం.

మా చదువైపోవస్తోంది, జూనియర్లు బేరానికి వచ్చారు. కెమెరా, లెన్సులు కలిపి 25,000 చెప్పాం. గింబల్ ఊరికే ఇస్తామన్నా ఎవరూ మాట్లాడలేదు. ఫిల్టర్ బేరంలో లేదు.