సికిల్ సెల్ కి ఎల్-గ్లుటమైన్ పొడి: మా తమ్ముడు వాడుతున్నాడు, నా రివ్యూ

ముందే చెప్పేస్తా, ఈ ఎల్-గ్లుటమైన్ (ఒక అమైనో ఆమ్లం, అంటే ప్రోటీన్లు కట్టే ముక్క) పొడి సికిల్ సెల్ ని, అంటే ఎర్ర రక్త కణాలు కొడవలిలా వంగిపోయే పుట్టుకతో వచ్చే జబ్బుని, నయం చేసే మందు కాదు, నొప్పి మొదలయ్యాక తాగితే తగ్గేదీ కాదు. రోజూ రెండు పూటలా మానకుండా తాగితే క్రైసిస్ లు (ఉన్నట్టుండి వచ్చే తీవ్రమైన నొప్పులు) కొంచెం తగ్గొచ్చు, అంతే. కానీ ఆ కొంచెం కోసమే ఇంట్లో అందరం ఎదురుచూస్తాం కాబట్టి 5కి 3.5 ఇస్తున్నా.

అసలు ఈ పొడికి, రక్తానికి ఏంటి సంబంధం అని చాలామంది అడుగుతారు. ఒక్కో ఎర్ర కణంలో దాదాపు 27 కోట్ల హిమోగ్లోబిన్ (ఆక్సిజన్ ని మోసే ప్రోటీన్) అణువులు ఉంటాయి, వాటిలో ఇనుము, పక్కనే ఆక్సిజన్, కాబట్టి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళలో కూడా రోజూ కొంత హిమోగ్లోబిన్ దానంతట అదే ఆక్సిడైజ్ అయిపోయి (ఆక్సిజన్ వల్ల పాడై) సూపరాక్సైడ్ అనే, కణానికి హాని చేసే ఆక్సిజన్ రూపం పుడుతూనే ఉంటుంది. ఈ కణానికి న్యూక్లియస్ లేదు కదా, అంటే పాడైన ఎంజైమ్ బదులు కొత్తది చేసుకోలేదు, మొదట్లో ఉన్న కెటలేస్, పెరాక్సీరెడాక్సిన్ లాంటి రక్షణ ఎంజైమ్ లతోనే 120 రోజులు నెట్టుకురావాలి, గ్లుటాథయోన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ని మాత్రం లోపల తయారు చేసుకుంటూ, వాడింది మళ్ళీ రీసైకిల్ చేసుకుంటూ ఉంటుంది. సికిల్ సెల్ లో హిమోగ్లోబిన్ లోని బీటా గొలుసులో ఒకే ఒక్క అమైనో ఆమ్లం, గ్లుటామిక్ ఆసిడ్ ఉండాల్సిన చోట వాలీన్, మారడం వల్ల ఆ హిమోగ్లోబిన్ ఆక్సిజన్ వదిలినప్పుడల్లా ఒకదానికొకటి అతుక్కుని కణాన్ని వంచేస్తుంది, అది అందరికీ తెలిసిందే. తక్కువమంది చెప్పేది ఏంటంటే అది ఆక్సిడైజ్ కూడా ఎక్కువ అవుతుంది, హీమ్ (హిమోగ్లోబిన్ లో ఇనుము ఉండే భాగం), ఇనుము వెళ్ళి కణం పొరకి అంటుకుంటాయి, గ్లుటాథయోన్ తరిగిపోతుంది, పొర బిగుసుకుపోయి రక్తనాళాల గోడలకి పట్టుకుంటుంది. అలాంటి కణం 10 నుంచి 20 రోజులే బతుకుతుంది. గ్లుటమైన్ ఇస్తే గ్లుటాథయోన్ కి ముడిసరుకు దొరికి, ఎన్ఏడీ (ఆక్సిడేషన్ ని తట్టుకోడానికి కణం వాడే అణువు) బ్యాలెన్స్ మెరుగుపడుతుందని లెక్క. సికిల్ కణాలు మామూలు వాటికంటే గ్లుటమైన్ ని ఎక్కువ లాక్కుంటాయి కూడా. అయితే ఎలా పనిచేస్తుందో పూర్తిగా తేలలేదు, ఆ మాట లేబుల్ మీదే ఉంది, అలా రాసినందుకు నాకు నమ్మకం పెరిగింది.

ఇక ఫలితం సంగతి. అమెరికాలో మందులకి అనుమతిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2017 జులైలో 5 ఏళ్ళు నిండినవాళ్ళకి ఒప్పుకుంది. 230 మంది మీద 48 వారాలు చేసిన ట్రయల్ లో క్రైసిస్ ల మీడియన్ (వరుసలో మధ్య విలువ) ఈ పొడి తాగినవాళ్ళలో 3, మందు లేని ఉత్తుత్తి పొడి తాగినవాళ్ళలో 4, ఆస్పత్రిలో చేరడం అయితే వరుసగా 2, 3. మందు పొడి తాగినవాళ్ళలో మూడోవంతుకి పైగా మధ్యలోనే మానేశారు, ఇది నన్ను బాధపెట్టే విషయం, ఎందుకంటే రోజూ తాగడం ఎంత కష్టమో మా తమ్ముడిని చూస్తుంటే తెలుస్తోంది. రుచి దాదాపు ఉండదు, అది ప్లస్, కానీ పూర్తిగా కరగదు, ఇసుకలా నాలుక్కి తగులుతుంది. కరగకపోయినా పర్లేదు, కలిపి తాగెయ్యమనే సూచనల్లో ఉంది. వేడి వాటిలో వద్దు, చల్లటిది లేదా మామూలు నీళ్ళు, జ్యూస్, పెరుగు ఏదైనా సరే. డోసు బరువుని బట్టి, 30 కిలోల లోపు పూటకి 5 గ్రాములు, 65 వరకు 10, ఆపైన 15. మలబద్ధకం, వికారం, తలనొప్పి, పొట్ట నొప్పి రావొచ్చు. మావాడికి మొదట్లో మలబద్ధకం బాగా ఇబ్బంది పెట్టింది, నీళ్ళు పెంచాక సర్దుకుంది. ఇప్పుడు క్రైసిస్ లు కాస్త ఎడంగా వస్తున్నాయి అనిపిస్తోంది, కానీ సికిల్ సెల్ కి ఇచ్చే ఇంకో మందు హైడ్రాక్సీయూరియా కూడా వాడుతున్నాడు కాబట్టి దేని వల్ల అని తేల్చి చెప్పను. ట్రయల్ లో కూడా ఎక్కువమంది రెండూ వాడినవాళ్ళే. హైడ్రాక్సీయూరియా పిండ హిమోగ్లోబిన్ ని (గర్భంలో బిడ్డకి ఉండే రకం) పెంచి కణం వంగకుండా చూస్తుంది, దాని పని వేరు, ఈ పొడి వచ్చిందని దాన్ని ఆపకండి ప్లీజ్.

మైనస్ లో పెద్దది సప్లై. మాకు ఇచ్చే చోట ప్యాకెట్లు టైంకి రావు, ఫోన్ చేస్తే రేపు అంటారు, రోజూ పడాల్సిన మందుకి ఇది చాలా అన్యాయం. అలా ఆగినప్పుడు జిమ్ వాళ్ళు వాడే గ్లుటమైన్ డబ్బా కొనొచ్చుగా అని ఎవరో ఒకరు అంటారు. అమైనో ఆమ్లం అదే కావచ్చు కానీ స్వచ్ఛత, డోసు ఎవరు చూస్తారు, అందులో ఇంకేం కలిపారో, మేం కొనం. కిడ్నీ, లివర్ తేడా ఉన్నవాళ్ళు అయితే డాక్టర్ ని అడక్కుండా అసలు ముట్టుకోవద్దు.

తలసీమియా (హిమోగ్లోబిన్ సరిగ్గా తయారవ్వని ఇంకో పుట్టుక జబ్బు) పిల్లల తల్లిదండ్రులు కూడా ఈ పొడి గురించి అడుగుతున్నారు. బీటా తలసీమియాలో బీటా గొలుసులు తక్కువై, జోడీ దొరకని ఆల్ఫా గొలుసులు పేరుకుని పొరని పాడు చేస్తాయి, పైన రక్తం ఎక్కించడం వల్ల ఇనుము చేరుతుంది, అంటే ఆక్సిడేషన్ దెబ్బ అక్కడా ఉంది. కానీ ఈ పొడికి అనుమతి ఉన్నది సికిల్ సెల్ కే. మీకు ముందు చూడాల్సింది ఇనుము తీసే మందు సరిగ్గా పడుతోందా, ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వని చెప్పే రక్త పరీక్ష) ఎంత ఉంది అనేది. యాంటీ ఆక్సిడెంట్ కదా అని విటమిన్ సి ఎక్కువెక్కువ వెయ్యకండి, నిల్వ ఉన్న ఇనుముని అది కదిలిస్తుంది, గుండెకి ప్రమాదం, ఎంత వెయ్యాలో మీ హెమటాలజిస్ట్ (రక్త జబ్బుల డాక్టర్) నే అడగండి.