ఒంగోలులో రెండు డిస్కులు, నెల్లూరులో మూడు

పాత సినిమా డిస్కుల కోసం తిరిగేవాళ్లకు ముందే చెబుతున్నా. విప్పి చూపించని దుకాణంలో ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఒంగోలులో నేను 1,400 పెట్టాను.

మా నాన్నకు ‘మాయాబజార్’ కావాలి. 2010లో రంగులద్ది విడుదల చేసినది కాదు, 1957లో ఆయన చూసిన నలుపు తెలుపుది. ‘యూట్యూబ్‌లో పెట్టుకోవచ్చు కదా బావా’ అన్నాడు మా బావమరిది. నాన్నకు ఫోన్ తెర ఆనదు. టీవీకి తగిలించిన పాత డీవీడీ ప్లేయర్ ఒక్కటే ఆయన సొంతంగా నడుపుకోగలరు. అందుకే వాణ్ని వెంటబెట్టుకుని శనివారం విజయవాడలో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ప్రయాణం హాయిగా సాగింది.

ఒంగోలులో పాత క్యాసెట్లు, సీడీలు అమ్మే ఆయన దగ్గర 35 డిస్కుల కట్ట ఉంది. పైనే మాయాబజార్ కవరు కనిపించింది. నా బ్యాగులో ల్యాప్‌టాప్, డిస్క్ డ్రైవ్ ఉన్నాయి, రెండు నిమిషాలు పెట్టి చూస్తానన్నాను. ‘విప్పితే కట్ట మొత్తం మీదే’ అన్నాడు. విడిగా ఇవ్వనన్నాడు. ఆ కవరు చూశాక వదిలి రాలేకపోయాను.

బస్టాండు దగ్గర లాడ్జిలో ఏసీ గది 1,500. ఏసీలోంచి నీళ్లు కారి తలగడ వైపు పరుపంతా తడిసింది. గది మార్చమంటే ఖాళీ లేదన్నాడు కౌంటర్లో అబ్బాయి. పది నిమిషాల తర్వాత మంచినీళ్ల సీసా కోసం కిందికి దిగితే ఇంకో కుటుంబానికి తాళం ఇస్తున్నాడు. గదిలో పనిచేసే ప్లగ్గు ఒక్కటే, అదీ బాత్రూం తలుపు పక్కన. అక్కడే నేల మీద కూర్చుని కట్ట విప్పాను.

35లో 19 నకిలీవి. కవర్లు మాత్రం అసలువే. ఫ్యాక్టరీలో తయారైన డిస్కు అడుగున వెండిలా మెరుస్తుంది. కంప్యూటర్లో కాపీ చేసినది నీలంగానో, ఆకుపచ్చగానో, ఊదాగానో కనిపిస్తుంది. మాయాబజార్ పెట్టెలో ఉన్నవి అసలువే, కానీ రెండే. అవి వీసీడీలు, అంటే మామూలు సీడీ మీద ఎక్కించిన సినిమాలు. ఒక వీసీడీలో పట్టేది 74 నుంచి 80 నిమిషాలు. మూడు గంటలు దాటిన సినిమాకు మూడు డిస్కులు ఉండాల్సిందే. పెళ్లి పీటల దాకా రాకుండానే బొమ్మ ఆగిపోయింది. బావమరిది గోడ వైపు తిరిగి పడుకున్నాడు, పొద్దున టిఫిన్ అయ్యేదాకా నాతో మాట్లాడలేదు.

మళ్లీ దుకాణానికి వెళితే ‘చూసుకుని కొనుక్కోవాలి’ అన్నాడు. చూడనివ్వనిది ఆయనే! తిరిగొచ్చేసరికి పదీ ఇరవై అయిందని లాడ్జిలో 300 అదనంగా పిండారు. 24 గంటల చెకౌట్ అని గోడ మీద వాళ్లే రాసుకున్నారు.

ఇంటికి పోదామన్నాడు బావమరిది. చేపల పులుసు తినిపిస్తానని ఒప్పించి నెల్లూరు తీసుకెళ్లాను. ట్రంకు రోడ్డుకు దగ్గర్లో ఒక మెస్సులో భోజనం 220. పులుసులో మామిడికాయ పులుపు సరిగ్గా దిగింది, ముక్క చెదరలేదు. వాడు రెండోసారి పులుసు పోయించుకున్నాక మళ్లీ నన్ను బావా అని పిలిచాడు. డిస్కుల సంగతి అడిగితే మెస్సాయనే ఒక సందు చూపించాడు.

ముందు జిరాక్స్ మిషను, వెనక కర్టెను, దాని వెనక ఒకప్పటి వీడియో లైబ్రరీ. రోజుకు 10 రూపాయల అద్దెకు ఇచ్చేవాడట ఆ పెద్దాయన. 2007లో మోసర్ బేర్ కంపెనీ కొత్త వీసీడీని 28 రూపాయలకే అమ్మడంతో అద్దెకు అడిగేవాళ్లు తగ్గిపోయారట. ఆ కంపెనీ కూడా 2018లో లిక్విడేషన్‌కు పోయింది. ఈయన డిస్కులు మాత్రం పాత పేపరు కవర్లలో వరసగా ఉన్నాయి.

అడక్కుండానే ప్రతిదీ ట్యూబ్‌లైటుకు ఎదురుగా పట్టి చిల్లులున్నాయేమో చూపించాడు. వీసీడీలో సినిమా ఉండే పొర సరిగ్గా లేబుల్ కిందే ఉంటుంది, పైన గీత పడితే పని అయిపోయినట్టే. డీవీడీలో అది రెండు ప్లాస్టిక్ పలకల మధ్య ఉంటుంది. మెత్తటి నూలు గుడ్డతో మధ్య నుంచి అంచు వైపే తుడవాలట, గుండ్రంగా తుడవకూడదట. అడ్డంగా పడ్డ గీతను ప్లేయరు చాలావరకు సర్దుకుంటుంది, చుట్టూ పడ్డ గీత దగ్గర ఆగిపోతుంది. ఇవన్నీ నాకు ఇన్నేళ్లకు ఆయన దగ్గరే తెలిశాయి.

‘చిన్నమయ్య వేషం కట్టిన రమణారెడ్డి మా జిల్లా ఆయన. ఆ సినిమా నా దగ్గర లేకపోతే ఎట్టా?’ అంటూ పెట్టె తీశాడు. మూడో డిస్కు ఒక్కటే ఇమ్మన్నాను. ‘ఒకటి నీకిస్తే నా రెండూ ఎందుకూ పనికిరావు గదబ్బయా’ అన్నాడు. మూడూ కలిపి 150. ఒక్కోటి పదేసి నిమిషాలు తన టీవీలో ఆడించి చూపించాకే డబ్బులు తీసుకున్నాడు. ఇంకో 13 ఏరుకుంటే, మధ్యలో ఆగుతాయంటూ రెండు తనే పక్కన పెట్టేశాడు. మిగతా 11 డిస్కులు 30 చొప్పున 330. మొత్తం 480.

వెళ్లాలనుకుంటే పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా మూసేస్తాడు. ఫోన్‌పే లేదు, చిల్లర తీసుకెళ్లండి. ఎంజీఆర్ తమిళ సినిమాలు అడక్కండి. అవి ఆయన సొంతానికి దాచుకున్నవి, అమ్మడు.