సమ్మెనా, లేబరాఫీసా, కేసా? కాంట్రాక్టు కార్మికుడికి ఏది మేలు

ఆగిపోయిన జీతం, పెరగాల్సిన జీతం, పర్మినెంటు. ఈ మూడు డిమాండ్లకూ ఒకే దారి పనికిరాదు. మూడింటినీ ఒకే వినతిపత్రంలో కుక్కి సమ్మెకు దిగితే, చివరికి ఆగిన జీతం ఇచ్చి పంపేస్తారు. అది ఎలాగూ ఇవ్వాల్సిన డబ్బే.

జీతం ఆగినా, కోసిన పీఎఫ్ జమ కాకపోయినా సమ్మె దండగ. నెల జీతం తర్వాతి నెల 7 లోపు పడాలి. కాంట్రాక్టరు ఎగ్గొడితే ప్రధాన యజమానే, అంటే అతని ద్వారా పని చేయించుకుంటున్న సంస్థే కట్టి, అతని బిల్లులో కోసుకోవాలి. అందుకే ఫిర్యాదులో ఇద్దరి పేర్లూ రాయాలి. కాంట్రాక్టరు పేరొక్కటే రాస్తే, అతను ఫోను ఆపేసిన రోజున ఫైలూ ఆగిపోతుంది. గనులు, రైల్వే, విశాఖ స్టీలు లాంటి చోట్ల కేంద్ర లేబర్ కమిషనర్ కార్యాలయానికి వెళ్లాలి, రాష్ట్ర కార్యాలయానికి కాదు. పీఎఫ్ ఫిర్యాదు నేరుగా పీఎఫ్ ఆఫీసుకే.

జీతం పెంపుకు మాత్రం సమ్మెను మించింది లేదు. ఆంధ్రప్రదేశ్ మున్సిపల్ కార్మికులు 2023 డిసెంబరు 26న పని ఆపారు. రెండు రోజులకే వీధుల్లో చెత్త కనబడింది, సంక్రాంతికి ముందే చర్చలు తేలాయి. అక్కడ బల్లకు అవతల కూర్చున్నది ప్రభుత్వం, కాంట్రాక్టరు కాదు. ఒప్పందం మీద ప్రధాన యజమాని సంతకం ఉండి తీరాలి. కాంట్రాక్టరుతో మాత్రమే రాసుకున్నది అతని టెండరుతోనే చచ్చిపోతుంది.

ఇక తేదీ లెక్క. సమ్మెలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 2025 నవంబరు 21 నుంచి అమల్లో ఉన్న పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం ఏ పరిశ్రమలోనైనా నోటీసు ఇచ్చిన 14 రోజుల వరకు సమ్మె కుదరదు, 60 రోజులు దాటితే ఆ నోటీసు చెల్లదు. లేబర్ అధికారి పెట్టే రాజీ చర్చలు నడుస్తుండగా, ముగిశాక మరో 7 రోజులు కూడా కుదరదు. చాలామంది 15వ రోజుకు ముహూర్తం పెడతారు. 13వ రోజున లేబర్ అధికారి మొదటి మీటింగు పెడతాడు, దాంతో రాజీ చర్చలు మొదలైనట్టే, సమ్మె అక్రమమవుతుంది. సమ్మె నోటీసు మీద మొదలైన చర్చలపై అధికారి 14 రోజుల్లో నివేదిక పంపాలి. అంటే అంతా సవ్యంగా సాగినా 14, 14, 7 కలిపి 35 రోజులు. కాబట్టి ఆరో వారం తర్వాతి తేదీ వేయడం క్షేమం. సగం మంది ఒకేరోజు క్యాజువల్ లీవు పెట్టినా ఇప్పుడు సమ్మె కిందికే వస్తుంది, ఆ పాత ఉపాయం నమ్ముకోవద్దు. అక్రమ సమ్మెకు కార్మికుడికి వెయ్యి నుంచి 10 వేల జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ.

పర్మినెంటు కావాలంటే పారిశ్రామిక వివాదాలు తేల్చే ట్రిబ్యునలే. ఏళ్లు పడుతుంది, ఆ మాట సభ్యులకు ముందే చెప్పాలి. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు, ప్రభుత్వం ఆ పనిలో కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంత మాత్రాన దానంతటదే పర్మినెంటు ఉద్యోగం రాదనేసింది. కాంట్రాక్టు బూటకమని సాక్ష్యంతో తేల్చాలి: రోజూ పని చెప్పిందెవరు, సెలవు ఇచ్చిందెవరు, తీసేసే అధికారం ఎవరిది. ఉపన్యాసాలు అక్కడ పనిచేయవు. కంపెనీ ఇంజినీరు సంతకం చేసిన సెలవు చీటీ, షిఫ్టు చార్టులో మీ పేరు, గేటు పాసు, ఈఎస్‌ఐ కార్డు, ఇవే పనిచేస్తాయి. పీఎఫ్ ఖాతా (యూఏఎన్) పాస్‌బుక్కులో కాంట్రాక్టర్ల పేర్లు నాలుగు మారినా మీరు అదే మెషీను దగ్గర ఉన్నారని చూపించేవి ఆ కాగితాలే.

టెండరు మారినప్పుడు కొత్త కాంట్రాక్టరు ఇచ్చే ఫారంలో ‘ఈ రోజు నుంచి కొత్తగా చేరుతున్నాను’ అనే వాక్యం ఉంటుంది. సంతకం పక్కనే ‘ఇక్కడ మొదట చేరిన తేదీ ఫలానా’ అని చేత్తో రాయండి. రాయనివ్వకపోతే అదే రోజు ఆ మాట ఉత్తరంగా రాసి ప్రధాన యజమానికి రిజిస్టర్డ్ పోస్టు చేయండి, రసీదు యూనియన్ ఫైలులో పెట్టండి.