నాలుగేళ్లు వాడాక నా మాల్ట్ మిల్లు గురించి

ఇంట్లో బీరు చేసుకునేవాళ్లు మాల్ట్‌ని, అంటే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీలాంటి గింజల్ని, నలగ్గొట్టే మిల్లు కొన్న మొదటి నెలలో రాసే రివ్యూలను నేను పెద్దగా నమ్మను, కొత్తలో ఏ మిల్లయినా బాగానే తిరుగుతుంది. నాది మామూలు రెండు రోలర్ల మిల్లు, పైన మూడు కిలోల గింజలు పట్టే తొట్టి (హాపర్), పక్కన చేత్తో తిప్పే హ్యాండిల్. ఒక్కో బ్యాచ్‌కి ఐదు కిలోలు తిప్పేసరికి భుజం పట్టేసింది, మూడో బ్యాచ్‌తోనే హ్యాండిల్ అటకెక్కింది. అప్పటి నుంచి డ్రిల్లుతోనే నడుపుతున్నాను. తక్కువలో తక్కువ 300 కిలోల మాల్ట్ దీని నోట్లో పోసుంటాను.

మొదటి ఏడాది ఏ గొడవా లేదు. రెండో ఏడాది నుంచి మొరాయించడం మొదలుపెట్టింది. డ్రిల్లు తిరుగుతూనే ఉంటుంది, హాపర్‌లో గింజలు మాత్రం ఉన్నచోటే ఉంటాయి. కర్రతో పొడిచాను, హాపర్‌ని తట్టాను, గింజలు ఇరుక్కున్నాయేమోనని వెనక్కి తిప్పాను. వెనక్కి తిప్పితే అరనిమిషం నడిచి మళ్లీ ఆగేది. చివరికి హాపర్ ఖాళీ చేసి టార్చి వేసి చూస్తే, ఒక రోలర్ గిర్రున తిరుగుతోంది, రెండోది కదలకుండా కూర్చుంది, మిగిలిన నాలుగు గింజలు వాటి మధ్య ఎగురుతున్నాయి.

ఈ రకం మిల్లుల్లో డ్రిల్లు తిప్పేది ఒక్క రోలర్‌నే. రెండోది దానంతటది తిరగదు, మధ్యలో పడ్డ గింజ లాగితేనే తిరుగుతుంది. అది కాస్త బిగుసుకుంటే చాలు, గింజ లోపలికి పోదు. విప్పి చూస్తే బుష్‌లో, అంటే రోలర్ ఇరుసు తిరిగే గొట్టంలో, పిండి గట్టిపడి సిమెంటులా ఉంది. తప్పు నాదే, కిర్రుమంటోందని నెలనెలా నూనె పోశాను, ఆ నూనెలో పిండి కలిసి ముద్దయింది. గీకి, పొడి గుడ్డతో తుడిచి, ఆహార యంత్రాలకు వాడే నూనె ఒక్క చుక్క వేసి బిగించాను, అంతే. ఇప్పుడు ప్రతిసారీ గింజలు పోసేముందు ఆ రోలర్‌ని వేలితో తిప్పి చూస్తాను. తేలిగ్గా తిరిగితేనే డ్రిల్లు తగిలిస్తాను.

ఇంతకంటే ఎక్కువ ఏడిపించింది రోలర్ల మధ్య గ్యాప్. రెండు చివర్లా మరలు తిప్పి సరిచేసుకోవాలి, వాటిని పట్టి ఉంచే స్క్రూలు డ్రిల్లు అదురుకి వదులవుతాయి. ఒకసారి మాష్ నుంచి, అంటే వేడినీళ్లలో నానబెట్టిన మాల్ట్ నుంచి, రసం అస్సలు దిగలేదు, ఇంకోసారేమో చకచకా దిగింది కానీ గ్రావిటీ (రసంలో చక్కెర ఎంతుందో చెప్పే కొలత) చూస్తే నీళ్లలా ఉంది. మాల్ట్ అమ్మినవాణ్ని తిట్టుకున్నాను పాపం. తీరా ఫీలర్ గేజ్ (సందులో దూర్చి కొలిచే సన్నటి రేకులు) పెట్టి కొలిస్తే ఒక చివర 0.9 మి.మీ., రెండో చివర 1.4! ఒక పక్క పిండి, ఇంకో పక్క పగలని గింజలు. బ్యాంకు కార్డు దూర్చి చూడమని చాలామంది చెబుతారు, దాని మందం 0.76 మి.మీ., పైగా వంగుతుంది, కాబట్టి ఫీలర్ గేజ్ ఒకటి కొనుక్కోండి. నేను బార్లీకి 1 మి.మీ. దగ్గర పెడతాను, గోధుమ మాల్ట్ చిన్నగా, గట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా, ఇంకాస్త బిగించి ఆడిస్తాను. స్క్రూ సరైన చోట ఉన్నప్పుడు మార్కర్‌తో గీత గీసి పెట్టుకున్నాను, కదిలితే కంటికి కనిపిస్తుంది.

గేజ్ కంటే ముందు ఆడించిన గింజలు ఓ గుప్పెడు తీసి అరచేతిలో పరిచి చూడాలి. పొట్టు దాదాపు గింజ ఆకారంలోనే విచ్చుకుని ఉండాలి, లోపలిది నాలుగైదు ముక్కలై నూకలా రాలాలి. పిండి కావాలని కాదు మనం మిల్లు కొన్నది, ఆ పొట్టే తర్వాత మాష్ వడకట్టే జల్లెడ.

డ్రిల్లు విషయంలో వేగం కాదు, బలం కావాలి. నేను నిమిషానికి 200 తిప్పుల లోపే ఉంచుతాను, అంతకు మించితే పొట్టు చీలికలవుతుంది. ముందు డ్రిల్లు తిప్పి తర్వాత గింజలు పోయాలి. నిండు హాపర్‌తో స్టార్ట్ చేసి ఒక డ్రిల్లు కాల్చేశాను, ఆ కాలిన వాసన రెండు రోజులు పోలేదు.

ఐదు కిలోలకు 100 మి.లీ. నీళ్లు స్ప్రే చేసి, కలిపి, పది నిమిషాలాగి ఆడిస్తే పొట్టు మెత్తబడి చిరగదు, దుమ్ము కూడా తగ్గుతుంది. ఒకసారి చెయ్యి జారి ఎక్కువ పడితే రోలర్ల గాళ్లన్నీ పిండితో పూడిపోయాయి, గింజ జారిపోవడమే తప్ప పట్టు దొరకలేదు. మర్నాడు చూస్తే తుప్పు. నావి మామూలు స్టీలు రోలర్లు, నీళ్లతో కడగకూడదు, గట్టి బ్రష్‌తో గీకి పొడి మాల్ట్ కొంచెం ఆడించి పారేయాలి. ఆ దుమ్ము బీరు తయారయ్యే ఫర్మెంటర్ పాత్ర దగ్గరికి రానివ్వకండి, మాల్ట్ మీద లాక్టోబాసిల్లస్ అనే బ్యాక్టీరియా ఉంటుంది, బీరు పుల్లబడిపోతుంది.

మళ్లీ కొంటానా అంటే, ఇదే రకం కొంటాను, కానీ స్టెయిన్‌లెస్ రోలర్లు, బుష్‌ల బదులు మూసి ఉన్న బేరింగులు ఉన్నది చూసుకుంటాను. ఇప్పుడున్న బుష్‌లు అరిగి రోలర్ కాస్త ఊగుతోంది, అవి మార్చేదాకా గ్యాప్ సగం హాపర్‌కోసారి కొలుస్తున్నాను.