రేణిగుంట రోడ్డు మేస్త్రీ షెడ్డు, మా నాన్న జెన్

షెడ్డుకు బోర్డు లేదు. వేపచెట్టుకు పాత అంబాసిడర్ డిక్కీ మూత ఒకటి ఆనించి, దాని మీద తెల్ల పెయింటుతో ‘వీల్ సెట్టింగ్, బుష్ వర్క్’ అని రాసుంటారు. పేరేమిటని అడిగితే అందరూ మేస్త్రీ అంటారు, నేనూ అంతే. బండి కింది పనికైతే కళ్లు మూసుకుని వెళ్లొచ్చు. తొందర ఉంటే మాత్రం వెళ్లొద్దు.

నాది తిరుపతిలో, తిరుచానూరు రోడ్డులో మెడికల్ షాపు. బండి 2003 మారుతి జెన్ కారు, ఏపీ 03 నంబరు, మా నాన్న కొన్నది. ఆయన దాన్ని ఏనాడూ అరవై దాటించలేదు. నేను ఆటోక్రాస్‌కి తీసుకెళ్తున్నానని తెలిస్తే ఏమనేవారో! ఆటోక్రాస్ అంటే తెలియనివాళ్లకు: ఖాళీ స్థలంలో కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒకసారికి ఒకే బండి వెళ్తుంది, పోటీ గడియారంతోనే. కోను పడితే టైముకు సెకన్లు కలుపుతారు. మన దేశంలో ఎక్కువగా మట్టి మీద పెడతారు, అక్కడక్కడా తారు మీద, కాంక్రీటు మీద. దీనికి పెద్ద ఇంజిన్ అక్కర్లేదు. జెన్‌ది 993 సీసీ, బరువు ఎనిమిది వందల కిలోల లోపే. కోన్ల మధ్య ఆ తేలికే దాని బలం.

మేస్త్రీ దగ్గరికి రాకముందు ఊళ్లోనే చక్రాల కోణాలు సరిచేసే ఒక ఏసీ అలైన్‌మెంట్ సెంటర్‌కి వెళ్లాను. గాజు తలుపులు, పెద్ద స్క్రీను, కాఫీ. నేను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆ కుర్రాడు నా పక్కనున్న మా తమ్ముడి మొహం చూసి జవాబు చెప్పాడు. మా తమ్ముడికి స్కూటీ తప్ప ఏమీ రాదు. చివరికి స్క్రీను మీద అన్నీ గ్రీన్‌లో ఉన్నాయని చూపించి 700 తీసుకున్నారు. మర్నాడు లీలామహల్ సర్కిల్ దగ్గర బ్రేకు వేస్తే స్టీరింగ్ ఎడమకి లాగింది.

మేస్త్రీ ఆ ప్రింటు కాగితం చూడనే లేదు. బండిని జాకీ మీద లేపి, చక్రాన్ని బండికి కలిపే లోయర్ ఆర్మ్ దగ్గర కడ్డీ పెట్టి ఒక్క తోపు తోశాడు. దాని కీలులో ఉండే రబ్బరు బుష్ పగిలి ఇనుము అటూ ఇటూ ఆడుతోంది.

“చూస్తివామా? ఇది బుష్షా, ఊసిపోయిన వడనా? ఇదిట్లా ఆడతా ఉంటే ఏ మిషన్ ఏం చెప్తాది?”

నాకు వెంటనే అర్థమైంది. ఫాస్టింగ్ షుగర్ టెస్టుకి పొంగలి తినేసి వచ్చేవాళ్లను రోజూ చూస్తుంటాను. మిషన్ తప్పు చెప్పదు, అది కొలిచిందే వేరు.

నేను రాసుకెళ్లిన జాబితాలో కోల్డ్ ఎయిర్ ఫిల్టరు, లావు సైలెన్సరు, స్ప్రింగులు కోసి బండిని కిందికి దించడం ఉన్నాయి. మూడూ కొట్టేశాడు. సైలెన్సరు పెడితే శబ్దం వస్తుంది, పోలీసులు వస్తారు, టైము రాదన్నాడు. కోసిన స్ప్రింగు సంగతి చెప్పేటప్పుడు మాత్రం మొహం మారిపోయింది. పొట్టిదైన స్ప్రింగు, చక్రం గాల్లోకి లేచినప్పుడు అది కూర్చునే గిన్నెలోంచి జారుతుందట. అలా జారిన బండి ఒకటి తన షెడ్డుకే వచ్చిందట. తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చి రోడ్డు మీద తిప్పకూడదని 2019లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి కూడా ఆయనకు తెలుసు. అందుకే వెనక సీటు, స్టెప్నీ, జాకీ పోటీ జరిగే చోటే దించుతాను, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ బిగించుకుంటాను.

మొదటి విడతలో చేసిందంతా పాతది తీసి కొత్తది వేయడమే. లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, ముందు స్ట్రట్లు (స్ప్రింగు, షాక్ కలిసి ఉండే కాళ్లు), వాటి పైన మౌంట్లు, ఇంజిన్ మౌంట్లు. బ్రేక్ ఆయిల్ మొత్తం తీసేసి డాట్ 4 పోశాడు. స్పేర్లకు 9,400, కూలి 3,500. ఇంటికి తోలుకొస్తుంటే చిన్నప్పుడు మా నాన్న మమ్మల్ని స్కూలుకి దింపిన బండి గుర్తొచ్చింది. ఇరవై ఏళ్లలో అదెంత వదులైపోయిందో రోజూ నడిపే నాకే తెలియలేదు.

అసలు పని రెండో విడతలో, వీల్ సెట్టింగ్‌లో ఉంది. దీని కోసమే ఈ రివ్యూ రాస్తున్నాను.

ముందు నేలను సరిచేశాడు. సన్నటి ట్యూబులో నీళ్లు పోసి, నాలుగు చక్రాల చోటా మట్టం చూసి, తక్కువైన చోట కడప బండ ముక్కలు పరిచాడు. ముందు చక్రాల కింద బండ మీద గ్రీజు పూసి, పైన ఇంకో నున్నటి బండ పెట్టాడు. చక్రం తిప్పితే టైరు నేలను పట్టుకోకుండా బండతో పాటు జారుతుంది. ఏసీ సెంటర్లో లక్షలు పోసి కొన్న టర్న్ టేబుల్ చేసేదీ ఇదే. ఆ తర్వాత నా బరువెంత అని అడిగాడు. చెప్పాను. పిల్లవాడిని పంపించి పక్క కొట్లోంచి రెండు 25 కిలోల బియ్యం మూటలు తెప్పించి డ్రైవర్ సీట్లో పెట్టి, వాటి మీద పానాల పెట్టె పెట్టాడు. పెట్టె పది కిలోలుంటుందా అని అడిగాను. “నువ్వు రెండు కిలోలు తగ్గించి చెప్పింటావు గదమా, సరిపోతాది” అన్నాడు. నిజంగానే తగ్గించి చెప్పాను.

క్యాంబర్‌ని, అంటే చక్రం నిలువుకు ఎంత వంగి ఉందో దాన్ని, తాపీ పనివాళ్ల తూకం గుండుతో కొలిచాడు. మూల తిరిగేటప్పుడు బండి బయటికి ఒరుగుతుంది, టైరు అంచు మీద నిలబడుతుంది. చక్రం తలను ముందే కాస్త లోపలికి వంచి పెడితే, ఒరిగినప్పుడు టైరు నేలకు పూర్తిగా ఆనుతుంది. 13 అంగుళాల రిమ్ములో పై అంచు, కింది అంచు కంటే 9 మిల్లీమీటర్లు లోపలికి ఉంటే సుమారు డిగ్రీన్నర. అదే పెట్టాడు. స్ట్రట్ దగ్గరి రంధ్రాన్ని ఆకురాయితో సాగదీస్తే ఇంకా వస్తుందని చదివి ఉన్నాను. అడిగితే ఒప్పుకోలేదు. ఆ వంపు సర్దడానికి వీలిచ్చే క్యాంబర్ బోల్టులు తెచ్చిస్తే వేస్తానన్నాడు. ఆన్‌లైన్‌లో తెప్పించి ఇచ్చాను.

క్యాంబర్ మారితే టో, అంటే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉన్నాయన్నది, కూడా మారుతుంది, అందుకే టో చివర్లో చూస్తారు. బండికి రెండు పక్కలా హబ్ ఎత్తులో నైలాన్ దారాలు లాగి కట్టి, స్కేలుతో రిమ్ము ముందు అంచూ వెనక అంచూ కొలుస్తూ, స్టీరింగ్‌ని చక్రానికి కలిపే టై రాడ్‌ని పావు చుట్టు అటూ ఇటూ తిప్పుతూ గంటసేపు కూర్చున్నాడు. చివరికి ఒక్కో పక్క 1 మిల్లీమీటరు బయటికి. దీనివల్ల స్టీరింగ్ తిప్పగానే ముక్కు తిరుగుతుంది. హైవే మీద మాత్రం బండి దారి వెతుక్కుంటున్నట్టు కొంచెం ఊగుతుంది, టైరు లోపలి అంచు త్వరగా అరుగుతుంది. ఈ రెండూ పని మొదలుపెట్టకముందే చెప్పాడు. వెనక ఇరుసు ఒకే ముక్క, అక్కడ తిప్పడానికేమీ లేదు.

టైర్లు నేనే కొన్నాను. పాత 145/70 ఆర్13 తీసేసి 155/65 ఆర్13 వేశాను, పాత ఆల్టో కె10కి వచ్చిన సైజే. ఎత్తు దాదాపు అంతే కాబట్టి స్పీడోమీటరు తేడా పట్టించుకునేంత ఉండదు.

టెస్టుకి మా మేనమామ వెంచర్ ఉంది. తారు రోడ్లు వేసి మూడేళ్లయినా ప్లాట్లు అమ్ముడుపోలేదు, ఆయన దుఃఖం నాకు ట్రాకు అయింది. గేటు వేసి, కోన్ల బదులు 14 ఖాళీ ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లు పెట్టాను. పని చేయించకముందు అయిదు రౌండ్ల సగటు 41.8 సెకన్లు. బుష్‌లు, స్ట్రట్లు మార్చాక 40.9. సెట్టింగ్, టైర్లు అయ్యాక 39.6. ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు కూడా ముట్టుకోలేదు. ఇందులో నా చేయి కుదిరినందుకు ఎంత పోవాలో నాకు తెలియదు, అరసెకను తీసేసినా నాకు సంతోషమే. గాలి సంగతి కూడా మేస్త్రీయే నేర్పాడు. టైరు భుజం మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి ఒక రౌండు కొట్టి రమ్మన్నాడు. 28 పీఎస్ఐలో సుద్ద పక్క గోడ దాకా చెరిగిపోయింది. 34లో భుజం అంచున ఆగింది. వెనక 38 పెడితే తోక కాస్త వదులై, ఇంజిన్ ముందు చక్రాలను తిప్పే బండికి మూలలో ఉండే మొండితనం తగ్గింది.

ఇక కోపం వచ్చిన విషయాలు. శుక్రవారం ఇస్తానన్న బండిని 19 రోజులకు ఇచ్చాడు. మధ్యలో గంగమ్మ జాతర వచ్చింది. జాతర వారం షెడ్డు మూత, ఫోను కూడా ఎత్తడు. సరే, జాతరకి నేనూ షాపు త్వరగా మూశాను కాబట్టి ఆ వారం వదిలేస్తాను. మిగతా రోజులకు ఏ జవాబూ లేదు. బిల్లు ఉండదు, స్కూలు నోటుబుక్కులో రాసి చూపిస్తాడు. కూర్చోవడానికి ఒక టైరు, ఆడవాళ్లకు బాత్‌రూమ్ అనేదే లేదు. రోజంతా పని దగ్గరే ఉండాలనుకునే ఆడవాళ్లు ఇది ముందే తెలుసుకోవాలి.

ఒక తప్పు కూడా చేశాడు. ఆటోక్రాస్‌లో గిర్రున తిప్పడానికి హ్యాండ్‌బ్రేక్ గట్టిగా పట్టాలి కదా అని కేబుల్ మరీ బిగించేశాడు. పోటీకి శ్రీపెరంబుదూరు వైపు వెళ్తుంటే పుత్తూరు దగ్గర కాలిన వాసన. దిగి చూస్తే వెనక కుడి డ్రమ్ము చేయి పెట్టలేనంత వేడి. పుత్తూరులో విరిగిన ఎముకలకు కట్టు కడతారు గానీ డ్రమ్ములకు కట్టరు. అదృష్టం, ఈసారి ఫోను ఎత్తాడు. లివరు కింద నట్టు ఏ పానాతో, ఎన్ని చుట్లు వదలాలో చెప్పి, చక్రం చేత్తో తిప్పించి, ఆ శబ్దం ఫోనులో విన్నాక “ఇంక పోమా” అన్నాడు. తిరిగొచ్చాక డ్రమ్ము విప్పి లైనర్లు మార్చాడు, డబ్బు తీసుకోలేదు. తప్పు తనదేనని తనే అన్నాడు. ఏసీ సెంటర్ వాళ్లు ఇప్పటికీ ఆ గ్రీన్ కాగితం కరెక్టే అంటున్నారు.

పోటీలో లేడీస్ క్లాసులో ఏడుగురిలో నాలుగో స్థానం వచ్చింది. రెండు కోన్లు పడేశాను. అవి నిలబడి ఉంటే మూడో స్థానం.

వెళ్లాలనుకుంటే మంగళ, బుధవారాల్లో పొద్దున పదిలోపు వెళ్లండి. శనివారం లారీల వాళ్లతో నిండిపోతుంది. స్పేర్లు మీరే కొని తీసుకెళ్తే రెండు మూడు రోజులు కలిసొస్తాయి. వైరింగ్, పెయింటింగ్ అడగొద్దు, చేయడు. నా జెన్ వెనక షాక్‌ల కోసం మొన్న సోమవారం మళ్లీ అక్కడ వదిలాను. శుక్రవారం ఇస్తానన్నాడు. ఏ శుక్రవారమో అడగలేదు.