రెండు రోజుల ఎంఆర్ఎన్ఏ వర్క్‌షాప్: మొదటి రోజుకి డబ్బులివ్వొచ్చు

బొమ్మసంద్రలో ఒక ఇంజెక్షన్ల కంపెనీలో ఏడేళ్ళుగా క్యూసీలో, అంటే నాణ్యత పరీక్షల విభాగంలో ఉన్నాను. మాది తెనాలి. ఈ మధ్య మా మేనేజర్ మీటింగుకి నాలుగుసార్లు ఎంఆర్ఎన్ఏ (ఏ ప్రోటీన్ చేయాలో కణానికి చెప్పే చీటీ లాంటిది, కొన్ని కోవిడ్ టీకాల్లో ఉండేది ఇదే) అంటున్నాడు, నాకేమో ఎమ్మెస్సీలో చదివిన ముక్క కూడా సరిగా గుర్తులేదు. సరే అని 14,500 కట్టి యలహంక వైపు ఒక శిక్షణ సంస్థ పెట్టిన వర్క్‌షాప్‌కి వెళ్ళొచ్చాను. సంస్థ పేరు రాయను, అక్కడి ల్యాబ్ మేడమ్ నిజంగా మంచావిడ, ఆవిడకి ఇబ్బంది కాకూడదు. ఇలాంటివి బెంగళూరులో ఇప్పుడు చాలానే పెడుతున్నారు, కట్టేముందు ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నాను.

పోస్టర్ మీద "ల్యాబ్ నుంచి వయల్ దాకా" అని ఉంది, అంటే టీకా బుడ్డిలోకి చేరేదాకా. ఆ "వయల్ దాకా" దగ్గరే వచ్చింది తంటా.

శనివారం పొద్దున లెక్చర్. సగం సేపు కాటలిన్ కారికో అనే శాస్త్రవేత్త కథే. హంగరీ నుంచి బొమ్మ ఎలుగుబంటిలో డబ్బు కుట్టుకుని అమెరికా వెళ్ళడం, అక్కడ యూనివర్సిటీలో ఆవిడ హోదా తగ్గించేయడం, డ్రూ వైస్‌మన్‌తో కలిసి 2005లో ఆర్ఎన్ఏ గొలుసులో ఒక గింజ లాంటి యూరిడిన్‌ని కాస్త మార్చి పెడితే ఒంట్లో వైరస్ వచ్చిందన్న అలారం మోగదని చూపించడం, 2023లో ఇద్దరికీ నోబెల్. ఎన్నిసార్లు విన్నా బాగుంటుంది గానీ అది యూట్యూబ్‌లో ఊరికే దొరుకుతుంది కదండీ. మన దేశం సంగతి మాత్రం ఒక్క స్లైడ్‌లో తేల్చేశారు. పుణె జెన్నోవా కంపెనీ వాళ్ళ ఎంఆర్ఎన్ఏ కోవిడ్ టీకాకి 2022 జూన్‌లో అత్యవసర అనుమతి వచ్చింది, అది మామూలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల దగ్గర ఉంటుంది. మొదట్లో ఫైజర్‌దానికి మైనస్ 70 ఫ్రీజర్ కావాల్సి వచ్చేది. మన పీహెచ్‌సీల్లో కరెంటు సంగతి తెలిసినవాళ్ళకి ఇదే కదా అసలు విషయం! హైదరాబాద్‌లో సీసీఎంబీ అనే పరిశోధన సంస్థ సొంతంగా చేసిన ఎంఆర్ఎన్ఏ టీకా ప్లాట్‌ఫామ్, అక్కడి టీకా కంపెనీ బయోలాజికల్ ఇ కి డబ్ల్యూహెచ్ఓ టెక్నాలజీ ఇవ్వాలనుకోవడం, ఇవి పేరుకి చదివేసి ముందుకెళ్ళిపోయారు.

లంచ్ బిసిబేళెబాత్, బూందీ. బాగుంది.

మధ్యాహ్నం ల్యాబ్. డబ్బులు వసూలైంది ఇక్కడే. నలుగురికి ఒక టేబుల్. ఆర్ఎన్ఏకి అచ్చులా పనికొచ్చే డీఎన్ఏ ముక్క ముందే కోసి రెడీగా ఇచ్చారు. అందులో నాలుగు రకాల న్యూక్లియోటైడ్లు (ఆర్ఎన్ఏ గొలుసుకి గింజలు, అక్షరాలన్నా ఇవే), మెగ్నీషియం ఉన్న బఫర్, ఆ గొలుసుని అల్లే టీ7 పాలిమరేజ్ అనే ఎంజైమ్ వేసి 37 డిగ్రీల దగ్గర రెండు గంటలు పెట్టాం. మొత్తం 20 మైక్రోలీటర్లు, అంటే చుక్కలో సగం కూడా ఉండదు. టీ తాగి వచ్చి ట్యూబు లైటుకి ఎత్తి చూస్తే నీళ్ళలా ఉన్నది కాస్తా బియ్యం కడిగిన నీళ్ళలా తెల్లబడింది. పాడైందేమో అనుకున్నాను. కాదట. ఆర్ఎన్ఏ గొలుసులో ఒక్కో గింజ చేరినప్పుడల్లా పైరోఫాస్ఫేట్ ఊడిపోతుంది, అది మెగ్నీషియంతో కలిసి ఇలా తెల్లగా పేరుకుంటుంది, అంటే పని జరిగినట్టే అని మేడమ్ చెప్పారు. దాన్ని విడగొట్టే పైరోఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ వేస్తే ఈ తెలుపు రాదట, మాకు కంటికి కనబడాలని కావాలనే వేయలేదు. ఇలాంటి ఆలోచన ఉన్న టీచర్ దొరకడం కష్టం.

శుభ్రం చేసి మెషీన్‌లో కొలిస్తే మా టేబుల్‌కి 112 మైక్రోగ్రాములు వచ్చింది. ఫైజర్ పెద్దవాళ్ళ డోసులో ఉండేది 30. అంటే తూకం లెక్కన ఆ అరచుక్కలో మూడు డోసులు దాటింది! నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. తర్వాత ముక్కల్ని పొడవు ప్రకారం విడదీసి చూపించే జెల్ మీద వేశాం. పక్క టేబుల్ వాళ్ళ వరుసలో గీత గీసినట్టు ఒక బ్యాండు. మాది తడి వేలితో కాటుక చెరిపినట్టు పైనుంచి కిందదాకా సాగిపోయింది. ఆర్ఎన్ఏ మొత్తం ముక్కలు. కొలిచే మెషీన్‌కి అది ముక్కలా, నిండు గొలుసా తెలియదు, ఎంత ఉందో మాత్రమే చెబుతుంది.

మా టేబుల్‌లో నెల్లూరు అమ్మాయి ఒకరు, ఇక్కడే పీహెచ్‌డీ చేస్తోంది, మెల్లగా అంది: "అన్నా, మీరు గ్లవ్స్‌తోనే ఫోన్ తీసి ఫోటో కొట్టారు, మళ్ళీ అదే చేత్తో ట్యూబు మూత తీశారు."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదమ్మా!"

"మీరు పెద్దవాళ్ళు కదా, ఎట్లా చెప్పేది..."

మన చర్మం మీద, చెమటలో ఉండే ఆర్ఎన్ఏస్ అనే ఎంజైమ్ ఆ పని చేసింది. మరగబెట్టినా మొండిగా ఉండే రకం అది. తప్పు నాదే. కానీ ఏడేళ్ళ క్యూసీలో ఏ ఎస్ఓపీ (పని ఎలా చేయాలో రాసిపెట్టిన కాగితం) కూడా ఇంత గట్టిగా బుర్రకెక్కలేదు. 2020లో యూరప్ రెగ్యులేటర్ ఫైజర్ టీకా ఫైలు చూస్తూ పెద్ద బ్యాచ్‌ల్లో నిండు ఆర్ఎన్ఏ శాతం తగ్గిందేమని నిలదీసింది, వాళ్ళు సరిచేసి జవాబిచ్చాకే ముందుకెళ్ళింది. ఆ అభ్యంతరం ఎందుకంత పెద్దదో నాకు ఈ జెల్ చూశాకే అర్థమైంది.

ఇక ఆదివారం. పేరు గొప్ప ఊరు దిబ్బ అనేంత అన్యాయం కాదు గానీ దాదాపు అంతే. అసలు కష్టమంతా ఆర్ఎన్ఏ చేశాకే ఉంది కదా. రెండు పోగుల ఆర్ఎన్ఏ చెత్తని తీసేయాలి, లేకపోతే ఒళ్ళు వైరస్ వచ్చిందనుకుని ఎదురు తిరుగుతుంది. తర్వాత నాలుగు రకాల కొవ్వుల్లో చుట్టాలి. ఆ కొవ్వులు ఆల్కహాల్‌లో, ఆర్ఎన్ఏ పుల్లటి బఫర్‌లో, రెండూ క్షణంలో కలిసిపోవాలి. మజ్జిగ పులుసులో శనగపిండి నెమ్మదిగా కలిపితే ఉండలు కట్టినట్టు, ఇక్కడ నెమ్మదిస్తే రేణువులు లావైపోతాయి, కావలసింది ఓ వంద నానోమీటర్లు. ఇందులో పెద్ద గిన్నె పెట్టి కలపడం కుదరదు, అందుకే ఫైజర్ వాళ్ళు చిన్న మిక్సర్లనే పక్కపక్కన వరుసగా పెట్టుకుని పెంచుకుంటూ పోయారు. ఇంత రుచికరమైన భాగం మాకు వీడియోలో చూపించారు! కలిపే మెషీన్ అక్కడే అద్దం వెనక ఉంది, అందులో పెట్టే కార్ట్రిడ్జ్ ఖరీదు అని తాకనివ్వలేదు. శుద్ధి చేయడం గురించి స్లైడ్లే.

ఆ రోజుని నిలబెట్టింది సాయంత్రం వచ్చిన గెస్ట్ ఒక్కాయన, మందుల వైపు మాట్లాడారు. నరాల జబ్బుకి 2018లో వచ్చిన పాటిసిరాన్, కొలెస్ట్రాల్‌కి ఆరు నెలలకోసారి చేసే ఇంక్లిసిరాన్ లాంటి సైఆర్ఎన్ఏ మందులు (ఒక జన్యువు పని ఆపే చిన్న ఆర్ఎన్ఏ ముక్కలు) ఎంజైమ్‌తో కాదు, కెమిస్ట్రీతో ఒక్కో అక్షరం కూర్చి చేస్తారట. బోర్డు మీద లెక్క వేశారు: అడుగడుక్కీ 99 శాతం సరిగ్గా కుదిరినా, 20 అడుగుల తర్వాత మంచి సరుకు 82 శాతం, 100 అడుగులకి 37. ఫైజర్ టీకా ఆర్ఎన్ఏకి నాలుగు వేలకి పైగా అక్షరాలు, ఆ దారిలో ఏమీ మిగలదు, అందుకే దానికి ఎంజైమ్ తప్పదు. సైఆర్ఎన్ఏ ఒక్కో పోగుకి ఇరవై పైచిలుకే కాబట్టి కెమిస్ట్రీతో లాగేయొచ్చు, కాకపోతే అసిటోనైట్రైల్ అనే సాల్వెంట్ డ్రమ్ములు డ్రమ్ములు ఖర్చు. సాల్వెంట్ల మధ్య బతికే నాకు ఈ అరగంట పండగ. ఆయనకి ఇచ్చిందే అరగంట.

మొదటి రోజుకి నాలుగు స్టార్లు, రెండో రోజుకి రెండు. కాలేజీ పిల్లలకీ, నాలా బెంచ్ వదిలేసి చాన్నాళ్ళైన వాళ్ళకీ పనికొస్తుంది. తయారీలో ఉద్యోగం మారాలనుకుని వెళ్తే నిరాశే. కట్టేముందు ఫోన్ చేసి "కొవ్వులో చుట్టడం మా చేత చేయిస్తారా, చూపిస్తారా" అని ఒక్క మాట అడగండి. సర్టిఫికెట్‌లో నా ఇంటిపేరు తప్పు పడింది, మెయిల్ పెడితే రెండు రోజుల్లో మార్చి పంపారు. ఫీడ్‌బ్యాక్‌లో ఈ గొడవంతా రాశాను. వచ్చే బ్యాచ్‌కి కార్ట్రిడ్జ్‌లు తెప్పిస్తున్నాం అని జవాబొచ్చింది. ఎన్ని అని అడిగితే రెండట. బ్యాచ్‌లో ఇరవై నాలుగు మంది.